బండి మీద బండి

పాఠ్యభాగ ఉద్దేశం: పాతకాలపు కారును ట్రెయిలర్ మీద క్షేమంగా తరలించే పద్ధతిని, అందులో ఇమిడివున్న భౌతిక సూత్రాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రతి సంవత్సరం నవంబరు మాసం మొదటి ఆదివారంనాడు ఇంగ్లండులో ఒక అపురూపమైన యాత్ర జరుగుతుంది. లండన్ నగరంలోని హైడ్ పార్కు నుండి సముద్రతీరాన ఉన్న బ్రైటన్ పట్టణం వరకు, సుమారు 96 కిలోమీటర్ల దూరం, 1905వ సంవత్సరానికి పూర్వం తయారైన మోటారు వాహనాలు వరుసగా సాగిపోతాయి. 1896 నవంబరు 14న జరిగిన తొలియాత్రకు ఇది స్మారకం. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టం మోటారు వాహనాల గరిష్ఠ వేగాన్ని గంటకు 4 మైళ్ల నుండి 14 మైళ్లకు పెంచగా, ఆ స్వేచ్ఛను వేడుకగా జరుపుకోవడానికి ఔత్సాహికులు బ్రైటన్‌కు బయలుదేరారు. 1927లో పునరుద్ధరింపబడిన ఈ యాత్ర కొద్ది విరామాలు మినహా నేటికీ కొనసాగుతున్నది.

నూరేళ్లు పైబడిన ఈ కార్లలో అనేకం లండన్ వరకు సొంత చక్రాల మీద రావు. వాటి వేగం స్వల్పం, బ్రేకులు బలహీనం, విరిగిన భాగానికి బదులు భాగం అంగడిలో దొరకదు. అందువల్ల వాటిని ట్రెయిలర్ల మీద ఎక్కించి, వేరొక వాహనంతో లాగించి తీసుకువస్తారు. మన దేశంలోనూ 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అయితే ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు వంటి పరిమితమైన పనులకు మాత్రమే వాటిని రోడ్డుమీద నడపాలి. కాబట్టి బండి మీద బండిని తరలించే విద్య ఎక్కడివారికైనా తెలియదగినదే.

ఈ విద్యకు మూలం బరువుల పంపకం. దీనిని అర్థం చేసుకోవడానికి మన ఎడ్లబండి చక్కని ఉదాహరణ. అనుభవజ్ఞుడైన బండివాడు ధాన్యం బస్తాలను ఇష్టం వచ్చినట్లు వేయడు. బరువు ఇరుసుకు వెనుక ఎక్కువైతే నొగ పైకి లేచి, కాడి ఎద్దుల మెడలను వదలి తేలిపోతుంది. ముందు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగిపోతాయి. అందుచేత బరువులో అధికభాగం ఇరుసుమీద నిలిచి, కొద్దిపాటి భారం మాత్రమే కాడిమీద పడేటట్లు అతడు బస్తాలను సర్దుతాడు. ట్రెయిలర్‌కూ ఇదే న్యాయం వర్తిస్తుంది. దాని ముందుభాగంలోని నొగ, లాగే వాహనం వెనుక ఉన్న గుండ్రని కొక్కెం మీద కొంత భారం మోపి తీరాలి.

ఆ భారం ఎంత ఉండాలి? ట్రెయిలర్, దానిమీది కారు కలిసిన మొత్తం బరువులో 5 నుండి 7 శాతం ఉండాలని బ్రిటన్‌లో చెబుతారు. అమెరికాలో 10 నుండి 15 శాతం వరకు ఉంచుతారు. మొత్తం బరువు 2000 కిలోలనుకుంటే, బ్రిటన్ లెక్కలో నొగభారం 100 నుండి 140 కిలోలు. అమెరికా లెక్కలో 200 నుండి 300 కిలోలు. లాగే వాహనానికీ, కొక్కేనికీ తయారీదారులు విధించిన పరిమితిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటరాదు. కారును ట్రెయిలర్ మీద కొద్దిగా ముందుకో వెనుకకో జరిపి ఈ భారాన్ని సరిచేస్తారు. సాధారణంగా ఇంజను ముందుంటుంది కాబట్టి కారు ముఖం ముందువైపు ఉండేటట్లు ఎక్కిస్తారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వంటి కార్లలో ఇంజను వెనుక ఉంటుంది. అటువంటివాటి విషయంలో కంటి అంచనాను నమ్మక, నొగభారాన్ని తూచి చూసుకోవాలి.

ఈ నియమాన్ని ఉపేక్షిస్తే కలిగే ప్రమాదం సామాన్యమైనది కాదు. వెనుక బరువు ఎక్కువైన ట్రెయిలర్, ఒక పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు వీచే గాలికే ఊగడం ప్రారంభిస్తుంది. వేగం ఒక హద్దు దాటితే ప్రతి ఊపూ దాని ముందరి ఊపుకంటె పెద్దదవుతుంది. చివరకు తోక తలను ఆడించినట్లు, ట్రెయిలరే లాగే వాహనాన్ని అటూ ఇటూ ఈడ్చి బోల్తా కొట్టించగలదు. అట్టి సమయంలో బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగును అటూ ఇటూ తిప్పడం, వేగం పెంచి సరిచేయబోవడం మూడూ అనర్థదాయకాలే. స్టీరింగును నిలకడగా పట్టుకొని, యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసివేసి, వేగాన్ని తనంతట తాను తగ్గనివ్వాలి. ఆ తరువాత సురక్షితమైన చోట ఆగి, ఊపుకు కారణం కనుగొని సరిదిద్దకుండా ముందుకు సాగరాదు.

లాగే వాహనం బలమైనదైతే చాలదు. తగినంత బరువైనదీ కావాలి. లోడుతో ఉన్న ట్రెయిలర్ బరువు, లాగే వాహనం ఖాళీ బరువులో 85 శాతానికి మించకుండా చూసుకోవడం మేలని బ్రిటన్‌లో కొత్తవారికి సలహా ఇస్తారు. పై ఉదాహరణలోని 2000 కిలోలను లాగడానికి, ఈ లెక్కన సుమారు 2350 కిలోల వాహనం కావాలి. మొత్తం బరువు 750 కిలోలు దాటే ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని అక్కడి చట్టం నిర్దేశిస్తున్నది. ఈ బ్రేకుల పనితీరు ఆసక్తికరమైనది. ముందు వాహనం వేగం తగ్గించగానే వెనుకనున్న ట్రెయిలర్ దానిని నెడుతుంది. ఆ నెట్టుడుకు నొగలోని కడ్డీ లోపలికి జరిగి ట్రెయిలర్ బ్రేకులను బిగిస్తుంది. దీనికి తోడు ఒక సన్నని ఉక్కు తీగ ఉంటుంది. కర్మవశాత్తు కొక్కెం ఊడిపోతే, ఆ తీగ ట్రెయిలర్ చేతిబ్రేకును లాగి, తాను తెగిపోతుంది. తన ప్రాణమిచ్చి పరుల ప్రాణం కాపాడే భటునివంటిది ఆ తీగ.

కారును ఎక్కించేటప్పుడు నేల సమతలంగా ఉండాలి. ట్రెయిలర్‌ను ముందు వాహనానికి తగిలించి, చేతిబ్రేకు వేసి, చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టి, వెనుకభాగం కింద ఊతలు నిలపాలి. లేకుంటే కారు వాలుబల్లల మీదికి ఎక్కగానే ట్రెయిలర్ వెనుకకు కుంగి, ముందు వాహనం వెనుక చక్రాలను పైకెత్తే ప్రమాదముంది. పాత కారు క్లచ్చి, బ్రేకు నమ్మదగినవి కావు కాబట్టి, నడిపి ఎక్కించడంకంటె తీగచుట్టు యంత్రంతో నెమ్మదిగా లాగడం శ్రేయస్కరం. ఆ సమయంలో కారు వెనుక గాని, బిగువుగా ఉన్న తీగ దగ్గర గాని ఎవరూ నిలువరాదు.

తరువాతి పని కట్టడం. నాలుగు మూలలా నాలుగు దృఢమైన పట్టీలు వేసి, ముందుకూ వెనుకకూ కదలకుండా బిగించాలి. పట్టీ కొక్కేలను బంపరుకు, స్టీరింగు కడ్డీలకు, బ్రేకు గొట్టాలకు తగిలించరాదు. ఇరుసుకు మెత్తని తొడుగు చుట్టి కట్టడం, లేదా చక్రాలనే పట్టీలతో బంధించడం మంచి పద్ధతులు. అయితే తొలినాటి కార్ల చక్రాలకు కొయ్య ఆకులు ఉంటాయి. పట్టీల బిగువును వాటి మీద పడనీయరాదు. వదులు గుడ్డ కప్పితే అది గాలికి కొట్టుకొని రంగును గీకివేస్తుంది.

ట్రెయిలర్ టైర్ల విషయంలో చాలామంది మోసపోతారు. ఏడాదిలో అధికభాగం కదలక నిలిచి ఉండడంవల్ల, గాడులు కొత్తవిగానే కనిపిస్తున్నా రబ్బరు ముసలిదై పగుళ్లు పట్టి ఉంటుంది. టైరు పక్కగోడమీద నాలుగంకెల సంఖ్య దాని వయస్సు చెబుతుంది. ఉదాహరణకు ‘3518’ అని ఉంటే, అది 2018వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం.

బయలుదేరిన కొద్ది కిలోమీటర్లకే ఒకసారి ఆగి పట్టీలను పరీక్షించాలి. కుదుపులకు కారు సర్దుకోవడంవల్ల తొలి బిగువు సడలుతుంది. మలుపులలో ట్రెయిలర్ చక్రాలు లోపలి అంచుకు దగ్గరగా కోసుకొని వస్తాయి కనుక విశాలంగా తిరగాలి. పల్లంలో ముందుగానే తక్కువ గేరులోకి రావాలి. ముందున్న వాహనానికి మామూలుకంటె ఎక్కువ ఎడం ఉంచాలి. బ్రిటన్‌లో కారు ట్రెయిలర్‌ను లాగేటప్పుడు మోటారు రహదారిమీద సైతం గంటకు 60 మైళ్లు, అనగా సుమారు 96 కిలోమీటర్లు దాటరాదు.

ఈ జాగ్రత్తలన్నీ కేవలం పాత కారు కోసమని భావించరాదు. పట్టీ తెగి కారు జారిపడితే, దెబ్బ తినేది వెనుక వస్తున్న అపరిచితుడు. ఆ మనిషికి ఆ కారు చరిత్రతో గాని, దాని యజమాని ముచ్చటతో గాని సంబంధం లేదు. తన ముచ్చట మరొకరికి ముప్పు కారాదన్న ఎరుకతో, బయలుదేరే ముందు ప్రతి కట్టునూ మరొకసారి తన చేతితో లాగి చూసుకోవడం వాహనదారుని కర్తవ్యం.

అభ్యాసం

I. వ్యాసరూప ప్రశ్న
1. ట్రెయిలర్ మీద బరువుల పంపకం ప్రాధాన్యాన్ని ఎడ్లబండి ఉదాహరణతో వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ట్రెయిలర్ ఊగడం ప్రారంభించినప్పుడు డ్రైవరు ఏమి చేయాలి?
2. ట్రెయిలర్ బ్రేకుల పనితీరును తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లండన్–బ్రైటన్ తొలియాత్ర ఎప్పుడు జరిగింది?
2. టైరుమీద ‘3518’ అనే సంఖ్య దేనిని సూచిస్తుంది?