క్రీడా పాదరక్షల అలంకారిక ఆకృతి – చట్టం కల్పించే రక్షణ

మైదానంలో పరుగెత్తే క్రీడాకారుని బూటులో రెండు గుణాలు కలసి ఉంటాయి. ఒకటి ప్రయోజనం, రెండవది సౌందర్యం. నేలపై పట్టు నిచ్చుట, చీలమండకు ఆధారమగుట, లోపలికి గాలి ఆడనిచ్చుట ప్రయోజనానికి చెందినవి. సోలు మీది గీతల పోకడ, తోలు ముక్కల కూర్పు, కుట్ల వరుస కంటికి ఇంపు గొలిపేవి. ఈ రెండింటిని చట్టం వేరువేరుగా చూస్తుంది. ఈ భేదాన్ని పాటించనిచో ఒకరి శ్రమను మరొకరు అపహరించుటకు గాని, అందరికీ అందవలసిన సౌకర్యాన్ని ఒక్కరే గుత్తకు తీసుకొనుటకు గాని అవకాశం ఏర్పడుతుంది.

నూతనమైన పనితీరును కనిపెట్టినవారికి సాధారణ పేటెంటు లభిస్తుంది. వస్తువు రూపాన్ని కొత్తగా కల్పించినవారికి అమెరికాలో డిజైన్ పేటెంటు అనే వేరొక రక్షణ ఉన్నది. దీనికి సంబంధించిన తొలి శాసనం అక్కడ 1842లో వెలువడినది. ఆకృతి నూతనమై, స్వకల్పితమై, అలంకారప్రధానమై ఉండవలెనన్నది నియమం. 2015 మే 13 నుండి దాఖలైన దరఖాస్తులకు ఈ హక్కు మంజూరైన నాటి నుండి 15 సంవత్సరాలు చెల్లుతుంది.

అనుకరణ జరిగినదా లేదా అని నిర్ణయించుట ఎట్లు? 1871లో గోర్‌హామ్, వైట్ అనువారి మధ్య చెంచాల, ఫోర్కుల పిడులపై నగిషీని గూర్చి వ్యాజ్యం నడిచినది. అందు అమెరికా సుప్రీంకోర్టు ఒక కొలమానాన్ని నిర్దేశించినది. నిపుణుని సూక్ష్మదృష్టి ప్రమాణం కాదు. సాధారణ శ్రద్ధతో కొనే మనిషి ఒకదానిని చూచి మరొకటిగా భ్రమించునంతటి పోలిక ఉన్నదా అన్నదే ప్రమాణం. బూట్ల వివాదాలలోనూ ఈ కొలమానమే వర్తిస్తుంది.

క్రీడా పాదరక్షల విషయంలో 1988 నాటి ఏవియా, ఎల్.ఏ. గేర్ కంపెనీల వివాదం ప్రసిద్ధమైనది. ఏవియాకు సోలు అడుగుభాగంపై ఒకటి, బూటు పైభాగంపై ఒకటి, రెండు డిజైన్ పేటెంట్లు ఉండేవి. ఆ ఆకృతులు కేవలం ఉపయోగం కొరకు ఏర్పడినవనీ, అలంకారాలు కావనీ ఎల్.ఏ. గేర్ వాదించినది. న్యాయస్థానం అంగీకరించలేదు. పాదం తిరుగుటకు అనువైన కేంద్రస్థానం సోలుకు ఉపయోగపడేదే. కాని దాని చుట్టూ సుడి తిరిగినట్లు గీతలు ఉండి తీరవలెనన్న అవసరమేమీ లేదు. అదే ప్రయోజనాన్ని అనేక ఇతర రూపాలతో సాధించవచ్చును. కనుక ఆ సుడి రూపం అలంకారమే. తమ బూట్లు పిల్లలవి, ఏవియావి టెన్నిస్ ఆటగాళ్లవి అన్న వాదం కూడ నిలువలేదు.

ఈ తర్కానికి రెండవ పార్శ్వం కూడ ఉన్నది. ఏదేని ప్రయోజనం ఒకే ఒక రూపం వలన మాత్రమే సిద్ధించునట్లయితే, ఆ రూపాన్ని అలంకారమను పేర ఎవరూ తమ సొంతం చేసుకొనరాదు. లేనిచో మంచి పట్టుగల బూటును చౌకగా తయారుచేసే హక్కు ఇతరులకు లేకుండా పోవును.

మన దేశంలో 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం 2001 మే 11 నుండి అమలులో ఉన్నది. నమోదైన ఆకృతికి 10 సంవత్సరాలు, కోరినచో మరి 5 సంవత్సరాలు రక్షణ లభిస్తుంది. ఇచటను కంటికి కనిపించే రూపమే గణ్యం. కేవల యాంత్రిక నిర్మాణానికి ఈ చట్టం వర్తించదు. అంతకన్న ముఖ్యమైన షరతు మరొకటి ఉన్నది. దరఖాస్తుకు పూర్వం ఆ ఆకృతి స్వదేశంలో గాని, విదేశాలలో గాని బహిర్గతమై ఉండరాదు. క్రీడాపాదరక్షలు కాకపోయినను, రంధ్రాలుగల క్రాక్స్ చెప్పుల విషయంలో ఈ షరతే ప్రధానమైనది. తమ ఆకృతిని అనుకరించుచున్నారని ఆ సంస్థ పలు భారతీయ కంపెనీలపై వ్యాజ్యాలు వేయగా, అట్టి రూపం ముందే లోకానికి వెల్లడియైనదన్న కారణాన 2018లో ఢిల్లీ హైకోర్టు తాత్కాలిక నిషేధాజ్ఞను నిరాకరించినది. 2019లో ధర్మాసనం ఆ నిర్ణయాన్నే స్థిరపరచినది.

చిత్రలేఖనంలోను, తోలుపనిలోను ప్రావీణ్యం గల విద్యార్థులు మన కళాశాలలలో కొందరైనా ఉంటారు. వారు గ్రహించవలసినది ఇది: కల్పన ఎంత గొప్పదైనను, నమోదుకు ముందే నలుగురిలో పెట్టినచో దానిపై హక్కు నిలుచుట దుర్లభం. పరుల కల్పనను గౌరవించుట ఎంత ధర్మమో, తన కల్పనను సకాలంలో కాపాడుకొనుట అంత వివేకం.