పద్నాలుగో నెంబరు ఎవరిది?

విద్యార్థులారా! మీరు స్నానం చేసిన నీరు కాలువలో పడ్డాక ఏమవుతుందో ఎప్పుడయినా ఆలోచించారా? చిన్న ఊళ్ళో అయితే వాలు వెంట పోయి ఏ వాగులోనో కలుస్తుంది. పెద్ద పట్టణంలో అంతటా పల్లం దొరకదు గదా! అందుచేత అక్కడక్కడ గుంటలు కట్టి, చేరిన మురుగును పంపులతో తోడి ముందుకు నెడతారు. పంపు ఆగిందంటే గుంట నిండి మురుగు వీధిలోకి పొంగుతుంది.

ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్ అనే ప్రాంతంలో 2000 నాటికి ఇటువంటి పంపు కేంద్రాలు 142 ఉండేవి. ప్రతి కేంద్రంలోనూ ఒక చిన్న కంప్యూటరు ఉండేది. దానికి ఆజ్ఞలు రేడియో ద్వారా వచ్చేవి. ఏదయినా తేడా వస్తే అది కూడా రేడియోలోనే హెచ్చరిక పంపేది. ఈనాడు మనం 'స్మార్ట్ సిటీ' అంటున్నదానికి మూలసూత్రం ఇదే.

ఆ సంవత్సరం ఆరంభంలో పంపులు కారణం లేకుండా ఆగిపోసాగాయి. హెచ్చరికలూ రాలేదు. పరికరాల లోపమేమో అనుకున్నారు. చివరకు ఒక ఇంజనీరు రేడియో సందేశాలన్నిటినీ నమోదు చేస్తూ కూర్చున్నాడు. 14వ కేంద్రం పేరుతో తప్పుడు సందేశాలు వస్తున్నాయి. వెళ్ళి చూస్తే ఆ కేంద్రం బాగానే ఉంది!

ఇప్పుడు మన తరగతిని తలచుకోండి. నేను తల వంచుకుని హాజరు పిలుస్తున్నాను. "పద్నాలుగు!" అనగానే వెనక బెంచీ నుండి ఎవరో "ప్రజెంట్ సార్" అన్నారు. నాకు వినబడింది నెంబరే గాని ముఖం కాదు. (ఈ విద్య మీకు కొత్త కాదని నాకు తెలుసు.) మరి దొంగను పట్టడమెలా? అసలు పద్నాలుగో విద్యార్థికి రహస్యంగా వేరే నెంబరు ఇస్తే సరి. ఆ తరువాత "పద్నాలుగు" అని పలికినవాడు దొంగే. ఆ ఇంజనీరు చేసినదీ ఇదే. 14వ కేంద్రం నెంబరును 3గా మార్చాడు. అయినా 14 పేరుతో సందేశాలు వస్తూనే ఉన్నాయి!

ఏప్రిల్ 23న పోలీసులు ఒక కారును ఆపారు. లోపల ఒక లాప్‌టాప్, ఒక రేడియో సెట్టు దొరికాయి. కారులోని మనిషి ఆ పరికరాలను అమర్చిన కంపెనీలో మునుపు పనిచేసినవాడు. పురపాలక సంఘంలో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదన్న కోపం. ఈలోగా సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకీ, వాగుల్లోకీ పొంగింది. జలచరాలు చచ్చిపోయాయి. 2001లో కోర్టు అతనికి రెండేళ్ళ జైలుశిక్ష వేసింది. కంప్యూటరు నేరంతోబాటు పర్యావరణానికి హాని చేసిన నేరం కూడా మోపారు.

2017 ఏప్రిల్‌లో అమెరికాలోని డల్లాస్ నగరంలో అర్ధరాత్రి 156 ప్రమాద సైరన్లు ఒక్కసారి మోగడానికీ ఇటువంటి దొంగ రేడియో సంకేతమే కారణం.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చింది కూడా 2000లోనే, అక్టోబరు 17న. ఇతరుల కంప్యూటరులో దురుద్దేశంతో చొరబడితే 66వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు. ప్రభుత్వం 'రక్షిత వ్యవస్థ'గా ప్రకటించినదాన్ని తాకితే 70వ సెక్షను కింద పదేళ్ళ వరకు. నేరస్థుడు విదేశంలో ఉన్నా, దెబ్బతిన్న కంప్యూటరు మన దేశంలో ఉంటే ఈ చట్టం వర్తిస్తుంది.

2022లో మరో నియమం వచ్చింది. పంపులను నడిపే ఇటువంటి కంప్యూటర్లపై దాడి జరిగితే 6 గంటల లోపల 'సెర్ట్-ఇన్' అనే కేంద్ర సంస్థకు తెలపాలి. గంటల లెక్క దాడి మొదలయినప్పటి నుండి కాదు, సంగతి తెలిసినప్పటి నుండి. మరూచీలో అది దాడి అని తెలియడానికే వారాలు పట్టింది.