ఏడుపు రాకపోతే పాపం పోదా?

తపస్సుకాలం మొదలైతే చాలు, ఒక ఆడియో ఫోన్లలో ఊరేగుతుంది. వెనక కీబోర్డు, ముందు ఒక గద్గద స్వరం: “కన్నీరు రాని పాపసంకీర్తనం చెల్లదు. అలా చేసినవన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోండి.” మాట్లాడింది ఎవరో ఎవరికీ తెలీదు. మాట మాత్రం ప్రతి విచారణకూ చేరింది.

అది ఏం చేసిందో తెలియాలంటే శనివారం సాయంత్రం గుడిలో వరుస చూడండి. డెబ్భై దాటిన ఒక పెద్దావిడ కొంగుముడిలో మడతపెట్టిన కాగితం. అందులో ఏముందో మనకక్కర్లేదు, కానీ పక్కన కూర్చున్నావిడతో తనే అంటుంది: “ఇవన్నీ పెళ్లికి ముందే చెప్పుకున్నానమ్మా. అప్పుడు ఏడుపు రాలేదు, అందుకని మళ్ళీ చెబుతున్నా.” చెప్పి వస్తుంది. మర్నాడు పూజలో అందరూ సత్ప్రసాదానికి లేస్తే ఆవిడ బల్ల మీదే ఉండిపోతుంది. ఈసారీ కళ్లు తడవలేదట! క్షమించే సంస్కారాన్ని ఆ ముసలి ప్రాణానికి శిక్షగా మార్చిన ఆ గొంతుకి ఏ బిరుదివ్వాలో మీరే చెప్పండి.

మనస్తాపం అంటే ఏమిటో 1551లో ట్రెంట్ మహాసభ తేల్చింది. చేసిన పాపానికి మనసులో బాధ, దాని మీద అసహ్యం, ఇకముందు చేయనన్న నిశ్చయం. అంతే. కన్నీటి ఊసు అందులో లేదు. ఇంకో మాట కూడా ఆ సభే చెప్పింది: దేవుని మీద ప్రేమతో పుట్టిన మనస్తాపం ఉత్తమం, కానీ నరకభయంతోనో, పాపం ఎంత నీచమో తెలిసొచ్చో కలిగిన అసంపూర్ణ మనస్తాపం కూడా పాపసంకీర్తనానికి వచ్చే మనిషిని క్షమాపణకు సిద్ధం చేస్తుంది. అంటే భయపడి వచ్చినవాడికీ తలుపు తెరిచే ఉంది. బోధకులు పేతురు ఏడుపును పదేపదే ఎత్తుకుంటారు. నిజమే, ఏడ్చాడు. మరి జక్కయ్యో? సువార్తలో ఆయన ఒక్క బొట్టు కార్చినట్టు లేదు. సగం ఆస్తి పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి ఆరోజే వచ్చింది.

ఇక పాతవి తవ్వుకోవడం. పునీత ఇన్యాసి లొయోలా అంతటివాడే ఈ గోతిలో పడ్డాడు. 1522లో మోన్సెరాట్‌లో మూడు రోజులపాటు, రాసుకుని మరీ, జీవితం మొత్తం ఒప్పుకున్నాడు. అయినా మన్రేసాలో నెలల తరబడి ఏదో మిగిలిపోయిందన్న అనుమానం. చివరికి ప్రాణం తీసుకుందామా అన్నంత దూరం వెళ్లాడు. గతాన్ని ఇక ఒప్పుకోనని నిశ్చయించుకున్నాకే బయటపడ్డాడు. తీరిన అప్పుకు మళ్ళీ వడ్డీ కట్టడం భక్తి కాదు. తెలిసి దాచిన చావైన పాపం ఉంటే అది వేరు, దాన్ని చెప్పాల్సిందే. మరచిపోయినది మిగతావాటితో పాటే పోయింది. బరువైనదై గుర్తొస్తే తర్వాతిసారి చెబితే సరి.

“గురువు ఎందుకు, నేరుగా దేవుడికే చెప్పుకుంటాం” అనేవాళ్ల మాటలో మాత్రం, ఒప్పుకోక తప్పదు, కొంత నిజముంది. ఉత్తమ మనస్తాపం చావైన పాపాన్ని కూడా పోగొడుతుంది, వీలైనంత త్వరగా పాపసంకీర్తనం చేస్తానన్న గట్టి తీర్మానం తోడుంటే. 1644 తర్వాత జపానులో పాపసంకీర్తనం వినే గురువే మిగల్లేదు. అక్కడి రహస్య క్రైస్తవులు 1603లో వచ్చిన, ఉత్తమ మనస్తాపం గురించి చెప్పే పుస్తకాన్ని నమ్ముకుని రెండు వందల ఏళ్లకు పైగా గడిపారు. 1865లో నాగసాకిలో గురువు కనిపించగానే వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లకు దొరకలేదు కాబట్టి సరిపోయింది. మీ గురువు పక్క వీధిలోనే ఉన్నాడు.

మిగతా పుకార్లకు ఇంత చోటు దండగ. గురువు బయటికి చెప్పేస్తాడా? నేరుగా చెబితే ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి. పోపుగారికి పాపసంకీర్తనం ఉండదా? 2014 మార్చిలో ఫ్రాన్సిస్ పోపు అందరూ చూస్తుండగానే మోకరిల్లారు. ఫోనులో చెప్పుకోవచ్చా? కుదరదు. మళ్ళీ చేస్తానేమోనన్న భయం ఉంటే నిశ్చయం అబద్ధమా? కాదు, భయం వేరు, ఉద్దేశం వేరు.

మీ ఇంట్లో ఆ కాగితం పట్టుకున్న పెద్దవాళ్లుంటే ఆ ఆడియో వాళ్లకు పంపకండి, వచ్చినదాన్ని తీసేయండి. ఈ అనుమానం పీడించేవాళ్లు పండగ ముందురోజు తోపులాటలో కాకుండా, తీరికగా ఉన్న రోజు చూసి, ఒకే గురువు దగ్గరికి వెళ్లండి. గుడి గుడికీ తిరగకండి. “పాతవి ఇక చెప్పొద్దు” అని ఆయనంటే చెప్పకండి. ఇచ్చిన ప్రాయశ్చిత్తం ఆరోజే ముగించి, ఆదివారం సత్ప్రసాదానికి లేవండి.