ఎముక విరగలేదు కదా అని వదిలేస్తే మోకాలు చెడుతుంది
కబడ్డీ ఆడే కుర్రవాళ్ళు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

సంక్రాంతికి గానీ, తిరునాళ్ళకు గానీ కబడ్డీ పోటీలు పెట్టని ఊరు మన వైపు అరుదు. కోతలైన పొలంలో నేల చదును చేసి, ముగ్గుతో గీతలు గీసి, దీపాలు కట్టి తెల్లవార్లూ ఆడిస్తారు. పైసా ఖర్చు లేని ఆట. ఒంట్లో సత్తువ, గుండెలో ధైర్యం ఉంటే చాలు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలై టీవీలలో రావడంతో ఈ ఆటకు గిరాకీ పెరిగింది. హైస్కూలు ఆడపిల్లలు కూడా బరిలో దిగుతున్నారు. సంతోషించదగిన విషయమే.

అయితే పోటీలు ముగిసేసరికి ఒకరిద్దరు కుంటుకుంటూ ఇంటికి చేరడం కూడా మామూలైపోయింది. కూతకు వెళ్ళిన కుర్రవాడు గీత వైపు గిరుక్కున తిరుగుతాడు. పాదం నేలలో పాతుకుని ఉంటుంది, ఒళ్ళు మాత్రం తిరుగుతుంది. లేదా ఒకడు చీలమండ, మరొకడు తొడ పట్టుకుని లాగుతారు. మోకాలిలో 'టప్'మని చప్పుడవుతుంది. ఇంటికి చేరేసరికి మోకాలు గుమ్మడికాయలా వాస్తుంది. తెల్లవారి పట్నం వెళ్ళి ఎక్సరే తీయిస్తారు. "ఎముక విరగలేదు" అంటారు. ఆ మాటతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నూనె మర్దనా, ఆకు కట్టు, వారం రోజులు మంచం. నెల తిరక్కుండానే కుర్రవాడు మళ్ళీ బరిలో ఉంటాడు.

చిక్కంతా ఇక్కడే వస్తున్నది. ఎముక విరగకపోయినా మోకాలు పాడై ఉండవచ్చు. ఆ సంగతి ఎక్సరే చెప్పదు.

మోకాలిలో ఏముంది?

తొడ ఎముక, దాని కింది కాలి ఎముక కలిసే చోటు మోకాలు. ఈ రెండు ఎముకలూ జారిపోకుండా నాలుగు గట్టి పట్టీలు వాటిని పట్టి ఉంచుతాయి. వీటినే డాక్టర్లు లిగమెంట్లు అంటారు. బండి కాడిని పలుపుతాళ్ళు పట్టి ఉంచినట్లే ఇవీ. రెండు పక్కలా ఒక్కొక్కటి, లోపల అడ్డదిడ్డంగా రెండు ఉంటాయి. లోపలి రెంటిలో ముందుదాన్ని ఏ.సి.ఎల్. అంటారు. కింది ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలితిరగకుండా కాపాడేది ఇదే. ఆటగాళ్ళకు తరచు తెగేదీ ఇదే.

ఎముకల నడుమ ఒరిపిడి లేకుండా రెండు మెత్తటి దిండ్లు కూడా ఉంటాయి. వీటికి మెనిస్కస్ అని పేరు. ఎముకల కొనలమీద నున్నటి పూత ఒకటి ఉంటుంది. "మోకాలిలో గుజ్జు అరిగిపోయింది" అని మన పెద్దవాళ్ళు అనేది ఈ పూత సంగతే.

చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యులు ఆటలలో మోకాలి దెబ్బలు తగిలి తమ వద్దకు వచ్చినవారిని పరిశీలించి 2016లో వివరాలు ప్రచురించారు. వారిలో ఎక్కువ మందికి తెగింది ఏ.సి.ఎల్. ఇటువంటి దెబ్బలు ఎక్కువగా తెచ్చిపెట్టిన ఆటలలో ఫుట్‌బాల్‌తో పాటు మన కబడ్డీ కూడా ఉంది.

ఎక్సరేకు చిక్కదు, చేతికి చిక్కుతుంది

ఎక్సరే ఎముకను చూపుతుంది గాని లిగమెంటును చూపదు. అందుకని పెద్ద మిషన్లు లేనిదే ఈ జబ్బు తెలియదని అనుకోనక్కరలేదు. అనుభవం ఉన్న ఎముకల డాక్టరు రోగిని పడుకోబెట్టి, మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను అదిమి పట్టి, రెండో చేత్తో కింది కాలిని ముందుకు లాగి చూస్తాడు. పట్టీ బాగుంటే టక్కున ఆగుతుంది. తెగితే ఎముక జారినట్లు ముందుకు వస్తుంది. ఈ పరీక్షను లాక్‌మన్ పరీక్ష అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పనిచేసిన జాన్ లాక్‌మన్ అనే డాక్టరు పేరు మీద 1976లో దీన్ని వైద్య లోకానికి తెలియజేశారు. అవసరమనుకుంటే తర్వాత ఎం.ఆర్.ఐ. స్కానింగ్ తీయిస్తారు. దెబ్బ తగిలిన రోజున వాపు వల్ల పరీక్ష సరిగా సాగకపోవచ్చు. అందువల్ల వాపు తగ్గాక, పది రోజులలోపు మళ్ళీ ఒకసారి చూపించుకోవడం అవసరం.

ఈ గుర్తులు కనబడితే అశ్రద్ధ పనికిరాదు: దెబ్బ తగిలినప్పుడు చప్పుడు వినబడటం, రెండు మూడు గంటలలోనే మోకాలు బాగా వాయడం, నడుస్తుంటే మోకాలు పట్టు తప్పి కూలబడటం, కాలు పూర్తిగా చాపలేకపోవడం, మోకాలు మధ్యలో బిగుసుకుపోవడం.

ముప్పయ్యేళ్ళకే ముసలి మోకాలు

తెగిన పట్టీ చాలామందికి దానంతటది సరిగా అతుక్కోదు. నెల తర్వాత నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గింది కదా అని ఆటకు దిగితే పట్టులేని మోకాలు మళ్ళీ మళ్ళీ తొణుకుతుంది. తొణికిన ప్రతిసారీ లోపలి దిండ్లు నలిగి చిరుగుతాయి. దిండు చిరిగాక పూత అరగడం మొదలవుతుంది.

స్వీడన్ దేశంలో ఏ.సి.ఎల్. తెగిన మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులను పన్నెండేళ్ళ తర్వాత పిలిచి పరీక్షించారు. ఈ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఎక్సరే తీసిన 67 మందిలో సగం మందికి మోకాళ్ళు అరిగినట్లు తేలింది. అప్పటికి వారి సగటు వయస్సు 31 ఏళ్ళు మాత్రమే.

ఉద్యోగస్థుడైతే కుర్చీలో కూర్చుని కాలం గడుపుకుంటాడు. మన పల్లెలో మోకాలు లేనిదే బతుకు లేదు. నాటు వేయాలన్నా, కలుపు తీయాలన్నా, బస్తా మోయాలన్నా, గట్టు ఎక్కి దిగాలన్నా, చివరకు నేలమీద కూర్చుని అన్నం తినాలన్నా మోకాలే ఆధారం. పద్దెనిమిదేళ్ళప్పుడు పోటీలో గెలిచిన కప్పు గూట్లో ఉంటుంది. ముప్పయి అయిదేళ్ళకు మెట్టు ఎక్కలేని మోకాలు ఒంటితో ఉంటుంది.

మొదటి మూడు రోజులు

దెబ్బ తగిలిన వెంటనే ఆట మానేయాలి. "ఇంకో రెండు పాయింట్లే" అని పంతం పట్టరాదు. కాలిని దిండుమీద ఎత్తుగా పెట్టి, సాగే గుడ్డ పట్టీ చుట్టాలి. నొప్పి తగ్గడానికి ఐసును గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచవచ్చు. ఐసుముక్కను ఒంటికి నేరుగా తగిలించరాదు. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనె మర్దనా, కాలు పట్టి లాగడం చేయరాదు. లోపల నెత్తురు కారుతున్న కీలును పిసికితే వాపు పెరుగుతుందే గాని తగ్గదు. విరిగిన ఎముకకు కట్టు కట్టడం వేరు, తెగిన పట్టీ సంగతి వేరు. ఎముక అతికినట్లు ఇది అతకదన్నది గుర్తుంచుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం క్షణం ఆలస్యం చేయరాదు. మోకాలు వంకర తిరిగినా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా మోకాలి కీలు తొలగి వెనుక ఉన్న రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు. కొద్ది గంటలలో రక్తం అందకపోతే కాలే తీసివేయవలసి రావచ్చు. 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి.

నొప్పి తెలియకుండా సూది మందు వేయించుకుని ఆడటం కొన్నిచోట్ల కనబడుతున్నది. నొప్పి అంటే ఒళ్ళు చేసే హెచ్చరిక. హెచ్చరికను ఆపి ఆడితే లోపల జరిగే నష్టం ఆగదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడటం, మూత్రపిండాలు దెబ్బతినడం జరుగుతాయి.

ఆపరేషన్ తప్పదా?

అందరికీ తప్పదనలేము. ఈ ప్రశ్నకు జవాబు కోసం స్వీడన్‌లోనే 121 మంది చురుకైన యువతీ యువకులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్ చేసి, తర్వాత వ్యాయామాలు చేయించారు. రెండో జట్టుకు ముందు వ్యాయామాలే చేయించి, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్ చేశారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్ళ తర్వాత రెండు జట్ల మోకాళ్ళ పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయిదేళ్ళ తర్వాత చూసినా అంతే. రెండో జట్టులో సుమారు సగం మందికి అప్పటికీ ఆపరేషన్ అవసరం రాలేదు.

దీన్నిబట్టి తెలిసేది రెండు సంగతులు. ఆపరేషన్‌కు డబ్బు లేదని కుమిలిపోనక్కరలేదు. తొడ కండరాలకు క్రమంగా బలం చేకూర్చితే చాలామంది మామూలు పనులు చేసుకోగలరు. అయితే వ్యాయామం అంటే ఊరికే ఉండటం కాదు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు నెలల తరబడి చేయాలి. అలా చేసినా మోకాలు పట్టు తప్పుతుంటే, దిండు చిరిగి కీలు బిగుసుకుంటే, లేదా మళ్ళీ కబడ్డీ వంటి ఆటలు ఆడదలిస్తే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఇందులో తెగిన పట్టీని కుట్టరు. చాలావరకు రోగి తొడ వెనుక నుంచి గాని, మోకాలి చిప్ప కింద నుంచి గాని నరం లాంటి తాడు తీసి కొత్త పట్టీగా అమర్చుతారు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి తెలుసుకోవడం మంచిది.

తొందరపడితే మళ్ళీ మొదటికే

ఆపరేషన్ అయినా అక్కడితో పని పూర్తి కాదు. కొత్త పట్టీ కుదురుకోవడానికి నెలలు పడుతుంది. నార్వేలో 106 మందిని గమనించి 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్ళీ దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. అంటే వచ్చే సంక్రాంతిని వదులుకున్నవాడు ఆ పై సంక్రాంతులను దక్కించుకుంటాడు.

ఇందుకు మన ఎదుటే ఉదాహరణ ఉంది. నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 1994లో పుణెలో జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుతూ జోడీ ఆటగాడిని ఢీకొని మోకాలి ఏ.సి.ఎల్. తెంచుకున్నారు. ఇక ఆట అయిపోయిందనుకునే దెబ్బ అది. శస్త్రచికిత్స చేయించుకుని, ఓర్పుతో కండబలం పెంచుకుని తిరిగి బరిలో దిగారు. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు.

దెబ్బ మానినా మోకాలు పాత మోకాలు కాదనడానికి కూడా సాక్ష్యం ఉంది. హైదరాబాద్‌లో ఆట నేర్చిన సైనా నెహ్వాల్ 2016లో మోకాలి ఆపరేషన్ తర్వాత కూడా పతకాలు గెలిచారు. అయినా తన కీళ్ళు అరిగాయని 2024లో ఆమే చెప్పారు. అన్ని వసతులు ఉన్నవారి సంగతే ఇలా ఉంటే, ఏమీ లేని పల్లె కుర్రవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించాలి.

ఇరవై నిమిషాల ముందు జాగ్రత్త

అన్నిటికన్నా మేలైన మందు దెబ్బ తగలకుండా చూసుకోవడం. దీనికి డబ్బు అక్కరలేదు. నార్వేలో హ్యాండ్‌బాల్ ఆడే 15 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 1837 మందిపై జరిపిన పరిశోధన 2005లో వెలువడింది. ఆటకు ముందు పద్ధతి ప్రకారం వ్యాయామాలు చేసిన జట్లలో మోకాలి, చీలమండ దెబ్బలు దాదాపు సగం తగ్గాయి. ఆ తర్వాత ఫుట్‌బాల్ ఆటగాళ్ళకోసం ఇరవై నిమిషాల వ్యాయామ క్రమం ఒకటి తయారైంది.

అందులో చేసేవి మనకు కొత్తవేమీ కావు. కొద్దిసేపు నెమ్మదిగా పరుగు. గుంజీలు. ఒంటికాలిమీద నిలబడి, తోటివాడు నెట్టినా పడిపోకుండా నిలదొక్కుకోవడం. పైకి ఎగిరి మెత్తగా దిగడం. దిగేటప్పుడు మోకాళ్ళు వంగాలి, ఒకదానివైపు ఒకటి ఒరగకూడదు. మోకాళ్ళమీద నిలబడి, తోటివాడు చీలమండలు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలడం. వీటిని వారంలో కనీసం రెండుసార్లు ఏడాది పొడవునా చేయాలి. పోటీ రోజున ఒక్కసారి చేసి ప్రయోజనం లేదు. కొన్ని ఆటలలో ఆడపిల్లలకు ఏ.సి.ఎల్. తెగే ప్రమాదం మగపిల్లల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. కనుక బాలికల జట్లకు ఇవి మరీ ముఖ్యం.

పోటీలు పెట్టే పెద్దలు కూడా కొంత బాధ్యత తీసుకోవాలి. మోళ్ళు, రాళ్ళు ఏరించి, నేల గుల్లచేసి, గుంటలు పూడ్చి బరి సిద్ధం చేయించాలి. వరుసగా మూడు నాలుగు ఆటలు ఒకే జట్టు చేత ఆడించరాదు. అలసిన కాలు అదుపు తప్పుతుంది. ఐసుపెట్టె, సాగే పట్టీలు, ఆసుపత్రికి చేర్చే వాహనం దగ్గర ఉంచుకోవాలి. మైకులకు, దండలకు పెట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు?

కబడ్డీ మన ఆట. దాన్ని మానమని ఎవరూ చెప్పరు. వ్యాయామ ఉపాధ్యాయులు ఆ ఇరవై నిమిషాలు తప్పకుండా చేయించాలి. తల్లిదండ్రులు వాచిన మోకాలిని తేలికగా తీసుకోకుండా ఎముకల డాక్టరు చేతికి చూపించాలి. కుర్రవాళ్ళు ఒక్క ఏడాది ఓర్పు పట్టాలి. ఇవి జరిగితే ఊరికి కప్పూ దక్కుతుంది, ఇంటికి కాళ్ళూ దక్కుతాయి.