ఊడింది ఒక్క అతుకే

కొత్త సెల్ వేసినా వెలగని కాలిక్యులేటర్‌ని చాలామంది ఇక పనికిరాదని పక్కన పడేస్తారు. కానీ లెక్కలు చేసే చిప్ పాడవడం అరుదు. చిన్న బటన్ సెల్‌తో ఏళ్ల తరబడి నడిచేంత తక్కువ కరెంటు దానికి చాలు కాబట్టి అది వేడెక్కదు. దెబ్బతినేవి బలం పడే చోట్లు: సెల్ మార్చినప్పుడల్లా వంగే స్ప్రింగు, అక్కణ్ణించి బోర్డుకు వెళ్లే సన్నటి తీగ, కిందపడితే కుదుపు మోసే టంకం అతుకు. టంకంలో ఎక్కువ పాలు తగరమే, మెత్తటి లోహం. అటూ ఇటూ కదిలీ కదిలీ అందులో కంటికి ఆనని బీట పడుతుంది. తీగ అంటుకున్నట్టే కనిపిస్తుంది, కరెంటు మాత్రం దాటదు. వెనక నొక్కితే వెలిగి, చెయ్యి తీయగానే ఆరిపోతోందంటే ముందు అనుమానించాల్సింది ఇలాంటి అతుకునే. కాలిపోయిన చిప్ ఎంత నొక్కినా పలకదు కదా!

సెల్ తీసేసి, మూత విప్పి, ఒక్కో అతుకునీ పుల్లతో మెల్లగా కదిపితే వదులైనది దొరికిపోతుంది. సెల్ కారి చిలుము పట్టి ఉంటే ముందు దాన్ని శుభ్రం చేసి ఆరనివ్వాలి. పాత టంకాన్ని ఊరికే కరిగిస్తే చాలదు. పైన పట్టిన ఆక్సైడ్ పొర దాన్ని సరిగా అంటుకోనివ్వదు. రోసిన్ ఫ్లక్స్ ఆ పొరను తొలగిస్తుంది. తర్వాత టంకం పెట్టే ఐరన్ మొనను తీగకీ బోర్డుకీ కలిపి రెండు మూడు సెకన్లు ఆనించి, కొద్దిగా కొత్త టంకం కరిగించి, గట్టిపడేదాకా కదపకుండా ఉంచాలి. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. యూరప్‌లో సీసంపై ఆంక్షలు 2006 జూలై 1న అమల్లోకి వచ్చాక వ్యాపించిన సీసం లేని రకాలకు సుమారు 220 కావాలి. సీసం ఉన్నది వాడితే చేతులు కడుక్కోవడం మరవకూడదు.

కొత్తదే కొనుక్కోవచ్చుగా అనే మాట మామూలు కాలిక్యులేటర్ విషయంలో కొంతవరకు నిజం. ఇంజినీరింగ్ విద్యార్థి వాడే ఖరీదైన సైంటిఫిక్ కాలిక్యులేటర్‌కు ఆ లెక్క కుదరదు. చిటికెడు టంకంతో పోయేదానికి మళ్లీ అంత ఖర్చెందుకు? వేడికి మొత్తం పాడవుతుందన్న భయానికి మాత్రం ఒక చోట ఆధారముంది. చాలా మోడళ్లలో తెరను బోర్డుకు కలిపే పట్టీని టంకంతో కాదు, వేడితో అతికే జిగురుతో అంటిస్తారు. అంకెల్లో కొన్ని గీతలే మాయమవుతుంటే లోపం సాధారణంగా అక్కడే. ఐరన్ తగిలితే ఆ పట్టీ కరిగిపోతుంది. దాని జోలికి పోకండి. తీగలూ, స్ప్రింగులూ అయితే ధైర్యంగా అతికించండి.