ప్రతులు మూడు, పుస్తక మొకటి

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమున మార్కుల పట్టికలను గూర్చి మేము మాటలాడుచుండగా, ఒక రైతు లేచి యిట్లడిగెను: “సారూ, మూడూళ్ళల్ల మూడు కంప్యూటర్లల్ల లెక్క రాసిపెట్టినంక, అది పోయేదెట్ల?” సభలో కొందరు నవ్విరి. మేము నవ్వలేదు. ఏలయన, ఆ ప్రశ్న మిక్కిలి సహేతుకమైనది; మేమును ఒకప్పుడట్లే తలచి దాని ఫలము ననుభవించితిమి. ఆనాడు తీరికగా బదులు చెప్పజాలనందున, ఈ సంచికలో ఆ విషయమును విద్యార్థులకును వారి పెద్దలకును తెలియునట్లు వివరింప బూనుచున్నాము.

కొన్ని యేండ్లకు పూర్వము మేము పనిచేసిన యొక విద్యాసంస్థకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలందు మూడు శాఖలుండెను. మూడింటను కంప్యూటరులు, మూడింటను ప్రవేశపట్టికలు, జన్మదినములు, మార్కులు గల ఒకే విధమైన ఫైళ్ళు. ఒకచోట వ్రాసినది ఇంటర్నెట్టు ద్వారా తక్కిన రెండుచోట్లకు కొలది నిమిషములలో చేరుచుండెను. మేమందరము ఎంతయో నిశ్చింతగా నుంటిమి. ఒక వేసవి సాయంకాలమున, యంత్రములో చోటు చాలలేదని, కోదాడలోని గుమాస్తా పాతవని తలచి కొన్ని ఫోల్డరులను తుడిచివేసెను. ఆయనయందు దురుద్దేశమేమియు లేదు. కంప్యూటరు తన పనిని తాను నెరవేర్చెను: కోదాడలో తుడిచినదానిని సూర్యాపేటలో తుడిచెను, మిర్యాలగూడలోను తుడిచెను. మరునాటి యుదయమున మూడు ప్రతులును సరిగా ఒక్కటిగానే యుండెను. మూడును శూన్యముగా నుండెను.

జూన్ నెలలో ఒక బాలిక తండ్రిని వెంటబెట్టుకొని టీ.సీ. కొరకు వచ్చినది. ఆమె చదివిన యేండ్ల లెక్క యెచ్చటను లేదు. పాత అచ్చుకాగితములను, ఉపాధ్యాయుల చేతివ్రాత పుస్తకములను వెదకి, పండ్రెండు దినములు కూర్చుండి మేము ఆ పట్టికలను తిరిగి వ్రాసితిమి. ఆ బాలికకు కళాశాల ప్రవేశపు గడువు తప్పలేదు గాని, ఒక్క దినము మాత్రమే మిగిలియుండెను. కొందరి మార్కులు మాత్రము ఎన్నటికిని దొరకలేదు. ప్రతులు ఒక్కటిగా నుండుట వేరు, పోయినది తిరిగి వచ్చుట వేరు అని మేమప్పుడు నేర్చితిమి. ఈ రెండు పనులును ఎట్లు జరుగునో క్రమముగా చూతము.

మొదటిది, మార్పు ఒక యూరినుండి మరియొక యూరికి చేరు విధము. నూరు పుటల పుస్తకమున నొక్క యంకె మారినంతమాత్రమున నూరు పుటలను తిరిగి పంపుట వృథాశ్రమ. హాజరు పట్టికలో ప్రతి పుట యడుగునను మేము మొత్తము వేయుదుము. సూర్యాపేట గుమాస్తా కోదాడ గుమాస్తాకు ఫోను చేసి, పుటవారీగా మొత్తములను మాత్రము చదివి వినిపించినచో, ఏ పుటలో భేదమున్నదో యిట్టే తెలియును. ఆ పుటను మాత్రము పంపిన చాలును. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనువారు సిద్ధపరచిన ఆర్‌సింక్ అను సాధనము ఈ పద్ధతినే యవలంబించును. అది ఫైలును చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క సరిచూపు సంఖ్యను కట్టును. అయితే కూడిక మొత్తమున నొక లోపము కలదు: ఒకని 67 మార్కులు మరియొకని 76 మార్కులతో తారుమారైనను మొత్తము మారదు. అందుచే కంప్యూటరు అంకెల విలువనే గాక వాని వరుసను గూడ లెక్కలోనికి తీసికొని ఆ సంఖ్యను కట్టును.

రెండవ చిక్కు, ఏది క్రొత్తది, ఏది పాతది యనునది. గడియారమును చూచి చెప్పవచ్చునని తోచును. కాని మూడు గడియారములు సరిగా ఒకే కాలమును చూపుట యరుదు. మిర్యాలగూడ యంత్రపు గడియారము పది నిమిషములు ముందున్నచో, అచ్చటి పాత వ్రాత కోదాడలోని క్రొత్త వ్రాతను త్రోసివేయగలదు. 1978లో లెస్లీ లాంపోర్టు అను శాస్త్రజ్ఞుడు, యంత్రముల నడుమ ముందువెనుకలను తెలియుటకు గోడగడియారమును నమ్ముకొన నక్కరలేదనియు, సంగతులను వరుసగా లెక్కించుకొనవచ్చుననియు చూపెను. ప్రతుల విషయమున నుపయోగించు లెక్కను 1983లో పార్కరు మొదలగు పరిశోధకులు వివరించిరి. అది మన బాలురకు సులభముగా తెలియదగినది.

ప్రతి యూరును, మూడూళ్ళలో ఎన్నెన్ని మార్పులు జరిగినవో మూడు సంఖ్యలుగా వ్రాసికొనును. సూర్యాపేట 4, కోదాడ 2, మిర్యాలగూడ 3 అనుకొందము. కోదాడలో నొక మార్పు చేసినచో ఆ ప్రతి 4, 3, 3 అగును. పాత ప్రతి 4, 2, 3. క్రొత్తదానిలో ఏ సంఖ్యయు తగ్గలేదు, ఒకటి పెరిగినది. కావున పాతది తొలగి క్రొత్తదానికి చోటిచ్చును. కాని రహదారి త్రవ్వకములో తీగ తెగి, మిర్యాలగూడకు ఈ వార్త చేరకయే అచ్చటను ఒక మార్పు చేసినారనుకొందము. అచ్చటి ప్రతి 4, 2, 4 అగును. ఇప్పుడు 4, 3, 3 ముందా, 4, 2, 4 ముందా? ఒకదానిలో కోదాడ లెక్క ఎక్కువ, మరియొకదానిలో మిర్యాలగూడ లెక్క ఎక్కువ. ఒకరి వ్రాత నొకరెరుగక ఇద్దరును వ్రాసినారని దీనివలన నిశ్చయముగా తెలియును.

ఇట్టి చోట మంచి యంత్రము తానే తీర్పు చెప్పదు. రెండు ప్రతులను దాచి మనుష్యుని ముందుంచును. ఈ పని మన సాహిత్యమునకు క్రొత్త గాదు. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించిన సి. పి. బ్రౌను దొర, పలుచోట్లనుండి వ్రాతప్రతులను సేకరించి, పండితులచే వానిని పోల్చి చూపించెను. ఒక ప్రతిలోని పాఠము ఒకటి, మరియొక ప్రతిలోనిది మరియొకటి. నోరు మూయబడిన ప్రతి యేమి చెప్పదలచెనో తర్వాత తెలియు మార్గము లేదు గనుక, భేదములను కనిపెట్టి దాచుటయే వివేకము.

మరి కొన్ని లెక్కలయందు ఇట్టి ద్వైధీభావము నొక్క నిమిషమైనను సహింపరాదు. బ్యాంకులోని సొమ్మును ఒకే గడియలో ఇద్దరు రెండూళ్ళలో తీసికొనిన నేమగును? అట్టిచోట అధికసంఖ్యాకుల యంగీకారము కావలయును. మూడూళ్ళలో రెండైనను ఒప్పుకొన్నగాని వ్రాత స్థిరపడదు. సూర్యాపేట, కోదాడ ఒక జత. కోదాడ, మిర్యాలగూడ మరియొక జత. ఏ రెండు జతలను తీసికొన్నను వానిలో ఒక యూరు ఉమ్మడిగా నుండి తీరును. ఆ యూరు మొదటి వ్రాతను రెండవవారికి సాక్ష్యము చెప్పును. రెండూళ్ళే యున్నచో ఒకటి నిలిచిపోగానే పని యంతయు నిలుచును. మూడున్నచో ఒకటి చెడినను రెండు సాగించును. లాంపోర్టు 1998లో ప్రకటించిన వ్యాసమున ఈ తీర్మానపద్ధతి నొకదానిని, పాక్సోస్ అను గ్రీకు ద్వీపములోని కల్పిత శాసనసభ కథగా చెప్పెను. సభ్యులు వచ్చుచు పోవుచున్నను సభ తీర్మానము మాత్రము చెడకుండుట ఆ కథలోని సారము.

ఇక తుడుపు సంగతి. మిర్యాలగూడ యంత్రము వారము దినములు ఆగియుండగా సూర్యాపేటలో నొక ఫైలును తీసివేసినారనుకొందము. మిర్యాలగూడ మేలుకొని, “నాయొద్ద నొక ఫైలున్నది, మీయొద్ద లేదే” యని దానిని తిరిగి అందరికిని పంపవచ్చును. చచ్చినది లేచి వచ్చినట్లగును. అట్లు కాకుండుటకై, తీసివేసిన ఫైలు స్థానమున “ఇది తీసివేయబడినది” అను గుర్తును నిలుపుదురు. ఆంగ్లేయులు దానిని సమాధిరాయి యనియే పిలుతురు. ఇది చక్కని యుపాయమే. కాని పొరపాటున తుడిచినదైనను, బుద్ధిపూర్వకముగా తుడిచినదైనను ఈ గుర్తు ఒకే వేగముతో మూడూళ్ళకును పోవును. మాకు జరిగినది ఇదియే. యంత్రము చెడినందున గాదు, యంత్రము చక్కగా పనిచేసినందుననే మా పట్టికలు పోయెను. డబ్బు కొరకు ఫైళ్ళకు తాళములు వేయు దుష్టప్రోగ్రాములు ఒక యంత్రమున ప్రవేశించినను ఫలమిదియే: చెడిన ప్రతి మంచి ప్రతులను చెరుపును.

కావున, తోడి ప్రతులు మారినను తాను మారని ప్రతి యొకటి వలయును. సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱి ఆలయములకు మన విద్యార్థులలో పలువురు పోయియుందురు. కాకతీయుల కాలపు శిలాశాసనములు అచ్చట ఎనిమిది వందల యేండ్లుగా నిలిచియున్నవి. రాతికి తుడుచు మీట లేదు. ఒకచోట చేసిన పొరపాటు దానికి సోకదు. బ్యాకప్పు అనునది యిట్టి శాసనము వంటిది. దానిపై తేదీ యుండవలెను. నేటి ప్రతి నిన్నటి ప్రతిని మింగకూడదు. ప్రతి తీయుట ముగిసిన వెంటనే తీగనుండి విడదీసి బీరువాలో పెట్టవలెను.

ఇంత చేసినను చాలదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను కంపెనీలో నొక ఇంజనీరు, వెనుకబడిన రెండవ ప్రతిని సరిచేయదలచి, పొరపాటున ముఖ్యమైన ప్రతినే తుడిచెను. పోయినది సుమారు 300 గిగాబైట్లు. ఆ కంపెనీకి అయిదు విధముల రక్షణోపాయములుండెనట. ఆ గడియలో ఏదియు నమ్మదగినట్లు పనిచేయలేదు. సుమారు ఆరు గంటలకు ముందు వేరొక పనికై చేతితో తీసియుంచిన ప్రతి యొకటి దొరకినందున వారు బ్రతికిరి. ఆ ఆరు గంటల వ్రాత పోయెను. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ కంప్యూటరు కేంద్రము అగ్నికి లోనై, ప్రభుత్వోద్యోగులు తమ పత్రములను దాచుకొను జీ-డ్రైవ్ అను నిలువలోని 858 టెరాబైట్ల సమాచారము నశించెను. నిలువ మిక్కిలి పెద్దదని వెలుపల వేరొక ప్రతి యుంచబడలేదు. మొదటిచోట ప్రతులుండియు పరీక్ష లేదు. రెండవచోట దూరమున ప్రతియే లేదు.

దూరమున నున్న ప్రతి యెట్లు మేలు చేయునో మన తెలుగు పుస్తకముల చరిత్రయే చెప్పుచున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానమును పొందిన రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకములను కంప్యూటరులలో నిలుపు మహాకార్యమునకు ప్రధాన ప్రోత్సాహకులు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము, చైనా దేశపు విద్యాసంస్థలు, మన దేశమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు త్రిపుల్ ఐటీ మొదలగునవి ఇందు పాల్గొనెను. మన దేశపు భాగమునకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యని పేరు. కాగితము పొడియగుచున్న తెలుగు పుస్తకములు వేలకొలది దానిలోనికెక్కెను. 2017 ప్రాంతమున గ్రంథహక్కుల చిక్కులవలన ఆ ద్వారము మూయబడెను. కాని లక్షలకొలది పుస్తకముల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవు అను గ్రంథాలయమునకు చేరియుండెను. అందుచేతనే నేటికిని కోదాడలోని విద్యార్థి తన ముత్తాత చదివిన తెలుగు పుస్తకమును ఫోనులో తెరచి చదువగలుగుచున్నాడు. ప్రతి యుంచుట వేరు, దానిని పంచు హక్కు వేరు అనునది నిజమే. కాని ప్రతియే లేనిచో హక్కును గూర్చి వాదించుటకును ఏమియు మిగులదు.

ఈ పనిలో ననుభవము గలవారు చెప్పు సూత్రము చిన్నది: ప్రతులు మూడు, నిలుపు సాధనములు రెండు విధములు, ఒక ప్రతి వేరొక యూరిలో. దానికి మేమొకటి చేర్చుచున్నాము: సంవత్సరమున కొకసారియైనను తిరిగి తెచ్చి చూడుడు. మా కార్యాలయమున ప్రతి శనివారమును పట్టికలను హార్డుడిస్కులో నెక్కించి, తేదీ వ్రాసి, బీరువాలో నుంచుచున్నాము. నెలకొకసారి ఒక ప్రతి వేరొక యూరికి పోవును. మొన్న దసరా సెలవులకు ముందు ఒక తరగతి పట్టికను తిరిగి తీసి చూడగా, రెండు డిస్కులలో నొకటి తెరచుకొననేలేదు. పైకి చూచుటకు రెండును ఒకే రీతిగా నుండెను. పరీక్ష వ్రాయని విద్యార్థి యెంత చదివెనో తెలియనట్లే, తిరిగి తెచ్చి చూడని ప్రతి యెంత మంచిదో తెలియదు.

బాలబాలికలారా, మీ యిండ్లలో భూమి పట్టాల ఛాయాచిత్రములు, తాతగారి ఫొటోలు, అక్క మార్కుల పత్రములు ఒక్క ఫోనులోనే యుండవచ్చును. ఈ సెలవులలో వానిని వేరొకచోట నెక్కించి, ఆ ప్రతినుండి ఒకదానిని తిరిగి తీసి, మీ తల్లిదండ్రులకు చూపుడు. ఆనాడు సభలో లేచిన పెద్దమనిషికి మా బదులిది: అయ్యా, మూడూళ్ళలో నున్న లెక్క ఒక్క వ్రేలి పొరపాటున మూడూళ్ళలోను పోవచ్చును. దానిని కాపాడునది, ఆ మూడింటి మాటయు వినక, తేదీ వేసికొని బీరువాలో నూరకున్న నాల్గవ ప్రతి. మరియు దానిని అప్పుడప్పుడు తెరచి చూచు మనుష్యుడు.