తీగల కింద ఏ మొక్క?

కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదు. అదే తీగను వేపకొమ్మ తాకితే ప్రమాదం. ఎందుకు? కాకి కాళ్లు రెండూ ఒకే తీగ మీదుంటాయి. చెట్టు వేళ్లేమో నేలలో ఉంటాయి. పచ్చికొమ్మలోని నీరు, లవణాల గుండా కరెంటు నేలకు దిగుతుంది. ఇంట్లో 230 వోల్టులైతే, వీధిలోని పెద్ద తీగల్లో తరచూ 11,000! అప్పుడు ఆ చెట్టును ముట్టుకుంటే ప్రాణాలే పోవచ్చు.

కాబట్టి తీగల కింద కొబ్బరి, వేప వద్దు. మందారమో నందివర్ధనమో నాటండి, ఎత్తు పెరగకుండా కత్తిరించుకోవచ్చు.

నేల కింద సంగతి వేరు. రావి, మర్రి వేళ్లు మంచి పైపును పగలగొట్టడం అరుదు. అతుకు దగ్గర నీరు కారిందా, అక్కడే గుబురుగా పెరిగి సందులోకి దూరుతాయి. పైపుల మీద బంతి, కనకాంబరం చాలు. గునపం దించేముందు కింద కేబుల్ ఉందేమో పెద్దవాళ్లనడిగి కనుక్కోండి.